జంట మిషన్లు, ఒంటి గది

మధ్యాహ్నం భోజనాల వేళకు ముందు ఫోనులో మీటింగు పెట్టడం మా మేనేజరుకు అలవాటు. ఆయన, మిగతా టీము అంతా హైదరాబాదులో. నేను ఒక్కదాన్నే అనంతపురంలో, ఎరువుల అంగడి మీదున్న గదిలో. మీటింగు అయిపోయాక వాళ్ళు ఫోను పెట్టేయడం మరచిపోయేవాళ్ళు. అవతల టిఫిను డబ్బాలు తెరుచుకునే చప్పుడు నాకు వినపడేది. ఎవరో గోంగూర తెచ్చారని ఇంకెవరో అరిచేవారు. ఎవరి కూర ఎవరి కంచంలోకి పోయిందో తెలియదు గానీ ఆ గొడవ ముచ్చటగా ఉండేది. పరాయివాళ్ళ భోజనాన్ని పొంచి వినడం మర్యాద కాదని తెలుసు. అయినా రిసీవరు చెవికి ఆనించుకునే ఉండేదాన్ని. కాసేపటికి ఎవరో గమనించి టక్కున పెట్టేసేవారు. అప్పుడు నేను గోడవైపు తిరిగి నా డబ్బా మూత తీసుకునేదాన్ని.

నేను కోరుకున్నది జీతమూ కాదు, హోదా కూడా కాదు. ఆ బల్ల దగ్గర ఒక కుర్చీ.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళ మాట ఇది. ఆ గదిలో మొదట మేము నలుగురం ఉండేవాళ్ళం. ఒకరికి పెళ్ళయింది, ఒకరికి ఇంకో ఉద్యోగం దొరికింది, ఒకాయన ఏదో సాకు చెప్పి హైదరాబాదుకు బదిలీ చేయించుకున్నాడు. నాకు సాకు చెప్పడం చేతకాలేదు. పైగా మాది నల్లమాడ దగ్గర పల్లె. జిల్లా తెలిసిన మనిషి ఉండాలి కదా అని నన్ను అక్కడే ఉంచేశారు. సొంత జిల్లాలో ఒంటరితనం ఏమిటని అనుకునేవాళ్ళు ఉంటారు. సొంత జిల్లా కాబట్టే ఎక్కువ. బస్టాండులో పలకరించే ప్రతి మనిషీ ఇంకా పెళ్ళెందుకు కాలేదని మొదలుపెడితే, బస్టాండుకు పోవడమే మానేస్తాం.

మా పని రైతులకు విత్తనకాయలు, ఎరువులు అమ్మే ఒక సంస్థ కేంద్రాల్లో కంప్యూటర్లు నడిపించడం. కళ్యాణదుర్గం, గుంతకల్లు, కదిరి, ఇలా ఊరికొక కేంద్రం. ప్రతి చోటా రెండు పెద్ద మిషన్లు పక్కపక్కన పెడతాం. రెంటికీ కలిపి ఒకటే డిస్కుల పెట్టె, ఒకటే డేటాబేసు. ఒక మిషను పడిపోతే బరువంతా రెండోది మోయాలి, కౌంటరు ముందు నిలబడ్డ రైతుకు ఆ సంగతే తెలియకూడదు. మా కరెంటు సంగతి తెలిసినవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది. రెండు మిషన్ల మధ్యా ఒక చిన్న కేబులు ఉంటుంది. దాని మీదుగా అవి క్షణం క్షణం పలకరించుకుంటూనే ఉంటాయి, ఉన్నావా అంటే ఉన్నానని. కాసేపు జవాబు రాకపోతే అవతలిది చచ్చిందని ఇవతలిది దాన్ని బయటికి నెట్టేస్తుంది. మనుషులకు లేని వసతి మిషన్లకెందుకని నాకు ఒళ్ళుమండేది. ఒకసారి నేను వారం రోజులు జ్వరంతో పడుకుంటే, మెట్ల కింద బిందె ఎందుకు తీయలేదని ఇంటి ఓనరమ్మ కసిరింది గానీ, నువ్వు ఎట్లున్నావని అడగలేదు.

ఆ డేటాబేసు ఎక్కించడమంటే అప్పట్లో పెద్ద యాతన. తెర మీద ఒక కిటికీ వస్తుంది, ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు రాసి ముందుకు నొక్కితే ఇంకో కిటికీ. మిషన్ల పేర్లేమిటి, వాటి మధ్య కేబులు చిరునామా ఏమిటి, డిస్కులు ఎక్కడున్నాయి. ఒక్క అక్షరం తప్పు రాస్తే చాలాసేపటి తర్వాత ఎక్కడో ఆగిపోతుంది, మళ్ళీ మొదటికి రావాలి. మధ్యలో ఒకచోట అదే ఆగి, ఫలానా ఆదేశం మొదటి మిషను మీద నడపండి, అది పూర్తయ్యాకే రెండోదాని మీద నడపండి అంటుంది. తొందరపడి రెండింటి మీదా ఒకేసారి నడిపామా, అంతా సర్వనాశనం.

నేను అన్ని ఊళ్ళూ తిరగలేను కాబట్టి కేంద్రంలో ఉన్న ఆపరేటరు తెర మీదిది ఫోనులో చదివేవాడు, నేను జవాబు చెప్పేదాన్ని. ఎక్కువసార్లు మాట్లాడింది కళ్యాణదుర్గం ఆపరేటరుతో. యాభై దాటిన మనిషి. అంతకుముందు ఆయనకు బోరు మోటర్లకు వైండింగు కట్టే షాపు ఉండేదట. బోర్లు ఒక్కొక్కటే ఎండిపోయాక మోటర్లు తెచ్చేవాళ్ళు లేక షాపు మూసేసి, తెలిసినవాళ్ళ ద్వారా ఈ పనిలో చేరాడు. ఫోను తీయగానే ఒకటే మాట.

"ఉండావామ్మా?"

"ఉండానన్నా, చెప్పు."

ఆయన ఇంగ్లీషును ఒక్కొక్క అక్షరంగా ఏరి చదివేవాడు. అన్నీ చదివి, చివర్న "ఏందో అడుగుతాండాది, నువ్వే జెప్పు" అనేవాడు. ఫైళ్ళు ఒక మిషను నుంచి ఇంకో మిషనుకు పోయేటప్పుడు తెర మీద నీలం గీత మెల్లగా పాకుతుంది. ఆ సేపంతా చేసేది ఏమీ ఉండదు. గీత సగం కాడ నిలబడిందని చెప్పి, ఆడ మోడం పట్టిందా, మబ్బేమన్నా కమ్మిందా అని అడిగేవాడు. ఈడ గాలి మాత్రం కొడతాండాదని చెప్పేవాడు. ఏం కూర అని అడిగేవాడు. నాకు విసుగు. నా చదువుకు ఈ పనేనా, నీలం గీత ఎంతదాకా వచ్చిందో ఫోనులో వినడమా అని లోపల్లోపల గొణుక్కునేదాన్ని. రోజు మొత్తంలో నాతో ఎవరైనా మాట్లాడేది ఆ కాసేపేనని అప్పుడు నేను గుర్తించలేదు.

ఒకరోజు మీటింగు అయ్యాక మేనేజరు ఫోను పెట్టేయకుండా నాతో విడిగా మాట్లాడారు.

"మనిషి చెయ్యి పడకుండా, ఎన్నిసార్లు నడిపినా ఒకేలా ఎక్కేట్టు చేయగలరా? అన్ని కేంద్రాల్లోనూ అలా అయిపోతే ఇక మీకు అక్కడ పనేముంటుందండీ? ఇక్కడికొచ్చేయండి."

అంతే, నాకు పూనకం వచ్చింది. ఆ కిటికీలు అడిగే ప్రశ్నలన్నింటికీ జవాబులు ముందే ఒక ఫైలులో రాసిపెట్టి, ఏ కిటికీ తెరవకుండా నిశ్శబ్దంగా ఎక్కించుకొమ్మని చెప్పే దారి ఆ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంది. కానీ అది ఒక్కటే చాలదు. రెండు మిషన్ల గడియారాలు కలవాలి. ఒకదానిలోకి ఇంకొకటి తలుపు కొట్టకుండా, అంటే పాస్‌వర్డు చెప్పే పని లేకుండా పోగలగాలి. మధ్యలో వచ్చే ఆ ఆదేశం మొదటిదాని మీద పూర్తయ్యేదాకా కాచుకుని, తర్వాతే రెండోదాని మీద నడవాలి. ఇవన్నీ చూసుకునే స్క్రిప్టు, అంటే మిషనుకు వరుసగా ఇచ్చే ఆదేశాల చిట్టా, రాశాను. గదిలో మూలన పడున్న పాత మిషన్ల జంటను దుమ్ము దులిపి బల్లెక్కించాను. ఎక్కించడం, తుడిచేయడం, మళ్ళీ ఎక్కించడం. కింద నుంచి ఎరువుల వాసన, కిటికీలోంచి వేడిగాలి, మధ్యలో నేను. ఎండాకాలమంతా అదే పని.

ఒకరోజు స్క్రిప్టు మొదలుపెట్టి టీ తాగడానికి కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి అంతా అయిపోయి ఉంది. ఏమీ అడగలేదు, ఎక్కడా ఆగలేదు. తుడిచేసి మళ్ళీ నడిపాను. మళ్ళీ అంతే. ఆ సంతోషం ఎవరికి చెప్పుకోవాలో తెలియక మెట్లు దిగి అంగడాయన ముందు నిలబడ్డాను. ఆయన నా ముఖం చూసి, "ఏమ్మా, సంబంధం కుదిరినాదా?" అన్నాడు. అవునన్నట్టే తలూపి పైకొచ్చేశాను.

మొదటి పరీక్ష కళ్యాణదుర్గంలో. స్క్రిప్టు ఉన్న సీడీలు బస్సు పార్సిల్లో పంపి, ఫోనులో అక్కడి ఆపరేటరుకు చెప్పాను. సీడీ పెట్టు, ఈ ఒక్క మాట కొట్టు, ఇక ముట్టుకోవద్దు.

"ఫోను చెయ్యల్లా?"

"అవసరం లేదన్నా. అదే అయిపోతుంది."

"అదే అయితాదా!" అన్నాడు. ఆ గొంతులో మెచ్చుకోలు ఉందో, చిన్నబుచ్చుకోవడం ఉందో నేను పట్టించుకోలేదు. హైదరాబాదులో అద్దెకు గది దొరికేదెక్కడ అని ఆలోచిస్తున్నాను.

భోజనాలవేళ దాటింది. ఫోను రాలేదు. రాకపోతేనే కదా గెలిచినట్టు అని నేను గర్వంగా కూర్చున్నాను. ఎండ తగ్గుముఖం పట్టాక మోగింది.

"ఉండావామ్మా? ఆపేసినా."

"ఏం ఆపేసినావు?"

"రెండూ. మెయిన్ కాడనే కొట్టేసినా. ఇంగ భయం లేదులే."

ఇంటికి నిప్పంటుకుంటే ఆర్పివచ్చిన మనిషి చెప్పినట్టు చెప్పాడు. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. నా నోట్లోంచి ఆఫీసు తెలుగు ఎగిరిపోయింది.

"ముట్టుకోవద్దని చెప్పినానా లేదా? ఎవురు ఆపమన్నారు నిన్ను?"

"చూడు మ్యాడమ్," కోపం వస్తే ఆయన నన్ను మ్యాడమ్ చేసేవాడు. "గుర్రుమని శబ్దం మాత్రం వస్తాండాది. తెర మీద ఒక్క ముక్క రాల్యా. ఎంతసేపని చూసేది? కాలిపోతే ఎవురు జవాబుదారీ? అందుకే ఆపేసినా."

ఆపింది కూడా సరిగ్గా ఆపకూడని చోట. డిస్కుల పెట్టె మీద, ఈ రెండు మిషన్లూ ఒక జంట అని చెప్పే గుర్తు సగం రాసి ఉంది. మళ్ళీ నడిపిస్తే, ఇక్కడ ముందే ఒక జంట ఉంది, ఇంకోటి పెట్టనంటుంది. పోనీ ఆ ఉన్నదాన్నే లేపు అంటే, అసలు ఏమీ లేదంటుంది. మేనేజరుకు చెప్పక తప్పలేదు. ఆయన కోప్పడలేదు. అదే నన్ను భయపెట్టింది.

"ఆపరేటర్లు ఇలా ఉన్నప్పుడు మనిషి దగ్గర లేకుండా కుదరదేమోనండీ. మీరు అక్కడుంటేనే మాకు ధైర్యం."

నా కుర్చీ నా కళ్ళముందే జారిపోతోంది.

మర్నాడు కళ్యాణదుర్గం బస్సెక్కాను. దారి పొడవునా చెనక్కాయ చేలు. వాన మొహం చాటేయడంతో మొక్క జానెడు లేచి అక్కడే నిలబడిపోయింది. నాకు వాటి మీద జాలి లేదు ఆ రోజు. ఆ ఆపరేటరును ఏం తిట్టాలో వరుసగా పేర్చుకుంటున్నాను.

కేంద్రంలో ఆయన మిషన్ల గది తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. పొట్టిగా, నెరిసిన గడ్డంతో, చొక్కా జేబులో టెస్టరు పెట్టుకుని. ఫోనులో గొంతు విని నేను పొడుగు మనిషిని ఊహించుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టాడు.

"నువ్వు నల్లమాడ తట్టుదానివే గదా. మోటరు తిరుగుతాండాది, పైపులో నీళ్ళు రావడం లేదు. ఏం జేస్తావు?"

దానికి జవాబు చెప్పాల్సిన పని లేదు. మా వైపు అది ఎవరినీ అడిగే ప్రశ్న కాదు. శబ్దం ఉండి నీళ్ళు రాలేదంటే ముందు పరుగెత్తిపోయి స్టార్టరు కొట్టేయాలి, తర్వాతే మిగతా సంగతి. లేకపోతే మోటరు కాలిపోతుంది. మా నాయన అన్నం తింటూ తింటూ చెవి అటు పడేసి ఉండేవాడు. పైపు చప్పుడు మారితే చెయ్యి కడుక్కోకుండానే లేచేవాడు. ఈయన ఇన్నేళ్ళూ అట్లా కాలిపోయిన మోటర్ల తీగలు విప్పి మళ్ళీ చుట్టిన మనిషి. నేను ఆయన ముందు పెట్టింది నీళ్ళు లేకుండా తిరిగే మోటరును. పెట్టి, ముట్టుకోవద్దన్నాను.

తిట్లన్నీ ఎక్కడికి పోయాయో, నాకు నవ్వొచ్చింది. ఆగలేదు.

"నవ్వేదేముంది?" అన్నాడు ఆయన, నొచ్చుకుని.

"ఇది మోటరు కాదన్నా. కాలిపోదు. లోపల పని జరుగుతానే ఉండాది."

"జరుగుతాంటే చెప్పల్ల గదా? చెప్పకపోతే మాకెట్ల తెలుస్తాది?"

నిశ్శబ్దంగా ఎక్కించడమే గొప్ప అనుకున్నాను గానీ, అవతల ఒక మనిషి కూర్చుని చూస్తాడని అనుకోలేదు. డిస్కు మీది సగం గుర్తును తుడిచాను. స్క్రిప్టు మొదట్లోనే ఒక కొత్త పరీక్ష చేర్చాను. ముందే సగం పని జరిగి ఉంటే తుడిచేసి మొదలుపెట్టాలి, పూర్తిగా జరిగి ఉంటే దాన్ని కదపకూడదు. ఇక ఎన్నిసార్లు ఆపినా, ఎన్నిసార్లు నడిపినా ఒకేచోటికి చేరుతుంది. ఆయన ఆపకపోయి ఉంటే ఆ పరీక్ష పెట్టాలని నాకు తట్టేది కాదు. తర్వాత ఆయన్ను అడిగాను.

"తెర మీద ఏం రావాలంటావు?"

"పెద్ద కత ఏమీ వద్దు," అన్నాడు. తెర వంక చూస్తూ, "ఉండా అని చెప్తే చాలు. అప్పుడప్పుడు. ఇంగేం గావల్ల?"

పని సాగినంతసేపూ నిమిషానికొకసారి ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లో వచ్చేట్టు రాశాను. నడిపించాం. ఇద్దరం రెండు కుర్చీలు లాక్కుని తెర ముందు కూర్చున్నాం. ఉండా, అంది మిషను. ఆయన తలూపాడు. కాసేపటికి మళ్ళీ, ఉండా. ఆయన తన డబ్బా తెరిచి జొన్నరొట్టె సగం విరిచి, దాని మీద ఊరుబిండి పచ్చడి వేసి కాగితంలో నాకిచ్చాడు. కారం నషాళానికెక్కింది. ఒక మనిషి పక్కన కూర్చుని తిని ఎన్నాళ్ళయిందో గుర్తుచేసుకోబోయి మానేశాను. మేము తినడం అయ్యేసరికి జంట లేచి నిలబడింది, డేటాబేసు తెరుచుకుంది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. గుంతకల్లులో ఒక్కసారికే ఎక్కింది. కదిరిలో మధ్యలో కరెంటు పోయినా, వచ్చాక మళ్ళీ నడిపితే ఎక్కింది. ఈలోగా కేంద్రాలన్నింటినీ నా గదితో కలుపుతూ కంప్యూటరు లైను వేశారు. ఇక సీడీలు అక్కర్లేదు, నా కుర్చీలోంచే ఏ ఊరి జంటనైనా లేపొచ్చు, కొత్త వెర్షను ఎక్కించొచ్చు. హైదరాబాదు నుంచి ఒక కుర్రాడు ఆ ఉండా అనేదేమిటని అడిగాడు. ప్రాణం ఉందని చూపే గుర్తు అని ఇంగ్లీషులో ఏదో గంభీరంగా చెప్పాను. ఫోను మోగడం మాత్రం ఆగిపోయింది. నీలం గీత లేదు, సగం కాడ నిలబడేది లేదు, ఆడ మోడం పట్టిందా అని అడిగేవాళ్ళు లేరు. నేను అంతగా పట్టించుకోలేదు. పెట్టె సర్దుకునే ధ్యాసలో ఉన్నాను.

చివరి కేంద్రం కూడా అయిపోయిన రోజు మేనేజరుకు ఫోను చేశాను. ఆయన చాలా మెచ్చుకున్నారు. అవతల అందరూ చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు నా బదిలీ సంగతి ఎత్తాను. ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

"ఇప్పుడు మీరు ఎక్కడ కూర్చున్నా నడుస్తుంది కదండీ! ఇక ఇక్కడికి రావాల్సిన అవసరమేముంది? హాయిగా మీ సొంత జిల్లా."

సరేనండీ అన్నాను. తిట్లు చాలా వచ్చాయి గానీ, అన్నీ ఫోను పెట్టేశాక వచ్చాయి. ఆయన మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు, అందుకే అంత మండింది. ఎక్కడినుంచైనా నడిచేట్టు చేసింది నేనే. తలుపు గడియ పెట్టుకుని ఏడ్చాను. కింద అంగడాయన బస్తాలు దింపించుకుంటున్నాడు. ఆ హడావిడిలో నా ఏడుపు ఎవరికీ వినపడలేదు. వినపడితే బాగుండుననీ అనిపించింది.

తర్వాత కొన్నాళ్ళకు, ఒక మధ్యాహ్నం. మీటింగు అయింది. ఆ రోజు వాళ్ళు ఫోను పెట్టేయడం మరచిపోలేదు. నేను కళ్యాణదుర్గం మిషన్లకు కొత్త వెర్షను ఎక్కిస్తున్నాను. తెర మీద ఉండా, ఉండా అని ఒకదాని కింద ఒకటి వచ్చి చేరుతున్నాయి. ఆ ఊళ్ళో ఆ తెర ముందు ఎవరూ కూర్చోనక్కర్లేదు. ఇక్కడ నేనూ కూర్చోనక్కర్లేదు. ఎవరూ అడగకుండానే అది చెప్పుకుపోతూ ఉంది. నేను చాలాసేపు చూశాను. చూసి చూసి ఫోను తీశాను.

"అన్నా, ఉండావా?"

"ఉండానమ్మా. ఏం, ఆగిపోయిందా?"

"లేదు. బాగానే పోతాండాది."

"నేనేమన్నా ఆపల్లా?"

"వద్దన్నా, వద్దు!"

"మరి ఏంటికి చేసినావు?"

మా వాళ్ళ మాట అట్లాగే ఉంటుంది, మెత్తగా చుట్టి అడగడం ఉండదు. ఏదైనా పని కల్పించి చెబుదామా అనుకున్నాను. ఒక్కటీ తోచలేదు.

"ఊరికేనే," అన్నాను.

ఫోను పెట్టేస్తాడనుకున్నాను.

"నేను అన్నం తింటాండా," అన్నాడు. "నువ్వు తిన్నావా?"

"ఇంకా లేదు."

"అయితే తెచ్చుకో. ఫోను ఆడ్నే పెట్టుకో."

డబ్బా తెచ్చుకుని మూత తీశాను. రిసీవరును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని కలుపుకున్నాను. ఏం కూర అని అడిగాడు, వంకాయ అన్నాను. తర్వాత ఇద్దరం మాట్లాడలేదు. ఆయన నమలడం వినపడుతోంది, గ్లాసు బల్ల మీద పెట్టడం వినపడింది. నేను గోడవైపు తిరగలేదని మధ్యలో గమనించాను. కలుపుతున్న చెయ్యి ఆపి, వింటూ ఉండిపోయాను.

"ఉండావామ్మా?" అన్నాడు.

"ఉండా," అన్నాను.